మంచం ఎక్కని రోగం

మన భాషలో చర్మానికి గౌరవం తక్కువ. కృతజ్ఞత పొంగిపొర్లితే "నా చర్మం ఒలిచి చెప్పులు కుట్టించి ఇచ్చినా మీ ఋణం తీరదు" అంటాం. కోపం వస్తే "తోలు తీస్తా" అంటాం. ఎవరెన్ని మాటలన్నా చలించని మనిషిని "తోలు మందం" అని తేల్చేస్తాం. లోతులేని పనికి పైపై పని అని పేరు. అంతెందుకు, తామర అని ఒక పువ్వుంది, దానిమీద సాక్షాత్తూ లక్ష్మీదేవి కూర్చుంటుంది. తామర అని ఒక రోగమూ ఉంది, అది పట్టుకున్న మనిషి నలుగురి మధ్యా స్థిమితంగా కూర్చోలేదు. రెంటికీ ఒకే పేరు పెట్టి మన పూర్వీకులు హాయిగా నిద్రపోయారు.

గుండె సంగతి అలా కాదు. గుండెకి ఏమన్నా అయితే ఇల్లంతా కదులుతుంది. అన్నదమ్ములు పాత తగాదాలు మరిచిపోయి ఆసుపత్రి వరండాలో ఒకే ఫ్లాస్కులోంచి కాఫీ తాగుతారు. కిడ్నీకి గౌరవముంది. ఆఖరికి మోకాలికి కూడా ఈమధ్య మంచి గౌరవమే దొరుకుతోంది. చర్మానికి వచ్చిన జబ్బు మాత్రం ఎవరి కళ్ళకీ జబ్బులా ఆనదు. "దురదేగా?", "మచ్చేగా?", "ఏదో ఒక ఆయింట్‌మెంటు రాసుకో" - అంతటితో సరి. ఒంటికంతకీ అదే గోడ, అదే కప్పు అన్న సంగతి ఎవరికీ గుర్తుండదు.

ఇదంతా ఎందుకు చెప్పొచ్చానంటే, ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య కార్డు కూడా మన భాషలాగే ఆలోచిస్తుందని నాకు ఈమధ్య తెలిసొచ్చింది. ఆ కార్డు తీసుకునే చర్మం డాక్టరు కోసం ఒక మనిషి వెంట నాలుగు వారాలు తిరిగాక తెలిసింది.

ఆ మనిషి మా అపార్ట్‌మెంట్లో నాలుగిళ్ళకి వంట చేసే ఆవిడ. నలభై దాటాయి. ముక్కల పులుసు పెట్టిందంటే ఆ వాసనకి మెట్లు దిగేవాళ్ళు కూడా ఒక్క క్షణం ఆగుతారు. రెండేళ్ళ క్రితం ఆవిడ కుడిచేతి వేళ్ళ కొసల్లో తెల్లమచ్చలు కనిపించాయి. చూసినవాళ్ళు పిండి అంటుకుందనుకున్నారు. పిండి కడిగితే పోతుంది, ఇది పోలేదు. వేళ్ళమీదనించి మణికట్టుకి పాకింది. తరవాత ఎడమ చేతికీ వచ్చింది. బొల్లి.

బొల్లి గురించి మనకి తెలిసింది తక్కువ, భయపడేది ఎక్కువ. చర్మానికి రంగునిచ్చే కణాలు కొన్నుంటాయి. ఒంటిని కాపాడవలసిన రక్షకశక్తే ఎందుకో పొరపడి వాటిని శత్రువులనుకుని చంపేస్తుంది. అక్కడ తెల్లబడుతుంది. నొప్పి ఉండదు. ముట్టుకుంటే అంటదు, కలిసి తింటే అంటదు, ఆ చేత్తో వండింది తింటే అసలే అంటదు. ప్రాణానికి అపాయం లేదు. ఇంత నిరపాయమైన జబ్బుకి వెనకటికెవరో "తెల్లకుష్టు" అని పేరు పెట్టారు. దానికీ కుష్టుకీ ఏ చుట్టరికమూ లేదు. అయినా పేరు పెట్టినవాళ్ళు పోయారు, పేరు మాత్రం మిగిలింది.

నాలుగిళ్ళలో రెండిళ్ళవాళ్ళు ఆవిణ్ణి మానిపించారు. "నీకు రోగం, రావద్దు" అని ఎవరూ అనలేదు. చదువుకున్నవాళ్ళం కదా, అలా అనం. ఒకరు, "మా అత్తగారొచ్చారు, ఆవిడే వండుతానంటున్నారు" అన్నారు. ఇంకొకరు, "ఇకనించి కర్రీ పాయింటునించి తెప్పించుకుంటాంలే" అన్నారు. ఎవరినీ నొప్పించకుండా, గొంతు ఎత్తకుండా, ఆవిడ సంపాదన సగమైపోయింది.

అప్పుడు ఆవిడ కార్డు పట్టుకుని మా ఇంటికి వచ్చింది. ఆరోగ్యశ్రీ. ఉమ్మడి రాష్ట్రంలో 2007లో మొదలైన పథకం. తెలంగాణలో 2023 డిసెంబరులో ఆ పరిమితిని ఏడాదికి కుటుంబానికి 10 లక్షల రూపాయలకు పెంచారు. ఆంధ్రప్రదేశ్‌లో 2024లో దాని పేరు ఎన్టీఆర్ వైద్య సేవగా మారింది. ఇవికాక 2018లో కేంద్రం తెచ్చిన ఆయుష్మాన్ భారత్ ఉంది, దానికింద 5 లక్షలు. వీటివల్ల బతికి బయటపడ్డ గుండెలెన్నో నాకు తెలుసు. అంచేత వీటిని ఎగతాళి చెయ్యడానికి నాకు నోరు రాదు.

"ఈ కార్డుమీద పది లక్షలుందిట గదమ్మా! నా చేతులకి అందులో ఎంతవుద్ది? వెయ్యో రెండువేలో. మిగతాది వాళ్ళనే ఉంచుకోమనండి" అంది ఆవిడ.

ఆ మాటకి నవ్వాను గానీ, ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. ఎందుకంటే ఆ పది లక్షల్లోంచి వెయ్యి రూపాయలు తియ్యడానికి దారి లేదు. లక్ష తియ్యొచ్చు, వెయ్యి తియ్యలేం! ఆ పథకాల పద్ధతి అది. ముఖ్యంగా ఆసుపత్రిలో చేరిన రోగికోసం, ఆపరేషన్లకోసం కట్టిన లెక్కలవి. ఫలానా చికిత్సకి ఫలానా మొత్తం అని జాబితా ఉంటుంది. మంచం ఎక్కితే కార్డు పలుకుతుంది. నడిచివెళ్ళి డాక్టరు ఎదురుగా కూర్చుని, చెయ్యి చూపించి, మందులు రాయించుకుని, నడిచి ఇంటికొచ్చే రోగికి దాన్లో పెద్దగా చోటు లేదు. చర్మవ్యాధుల్లో నూటికి తొంభై ఇలా నడిచివెళ్ళే రోగాలేనని వేరే చెప్పాలా?

ఆ జాబితాలో చర్మానికి అసలు చోటే లేదనను. ఒళ్ళంతా బొబ్బలు పొంగి పగిలిపోయే పెంఫిగస్ ఉంది. మందు వికటించి చర్మం పొరలు పొరలుగా లేచిపోయే జబ్బులున్నాయి. అవి ప్రాణాంతకాలు, ఉండవలసిందే. కానీ ఆ వరస చదువుతుంటే నాకు ఒకటే అనిపించింది. చర్మం కాస్త గౌరవం సంపాదించుకోవాలంటే ముందు ఊడిపోవాలన్నమాట.

మరి నడిచివెళ్ళే రోగికి ఏ కార్డూ పలకదా అంటే, కొందరికి పలుకుతుంది. కేంద్రప్రభుత్వ ఉద్యోగులకి 1954లో ఢిల్లీలో మొదలైన సీజీహెచ్ఎస్ ఉంది. అందులో డిస్పెన్సరీకి వెళ్ళి చూపించుకోవచ్చు, అక్కణ్ణించి స్పెషలిస్టుకి చీటీ తెచ్చుకోవచ్చు. కార్మికులకి 1952నించీ ఈఎస్ఐ ఉంది. జీతంలోంచి నూటికి ముప్పావలా కార్మికుడిది, మూడు రూపాయల పావలా యజమానిది. దాన్లో దురదకి కూడా డాక్టరున్నాడు. కాకపోతే ఆ జీతం నెలకి 21,000 దాటకూడదు, పనిచేసే చోటు చట్టం ఒప్పుకున్న సంస్థ అయ్యుండాలి. మన వంటావిడకి నాలుగిళ్ళు, నలుగురు యజమానులు. చట్టానికి మాత్రం ఒక్కరూ కనిపించరు. ఆవిడ భర్త ఆటో నడుపుతాడు. ఆయనకి యజమానే లేడు. ఫ్యాక్టరీలో వెయ్యిమందికి వండితే కార్మికురాలు, నాలుగిళ్ళలో పదిహేనుమందికి వండితే "మా వంటమనిషి". ఇల్లు ఫ్యాక్టరీ కాదు గదా!

సరే, ఏదన్నా చిన్న దారి దొరక్కపోతుందా అని ఫోన్లు మొదలుపెట్టాను. ఊళ్ళో చర్మం క్లినిక్కులకి కరువులేదు. మా ఇంటినించి కూరల బజారుకెళ్ళేలోపు నాలుగు బోర్డులు లెక్కపెట్టాను. బోర్డుల నిండా నున్నటి బుగ్గలు, ఒత్తయిన జుట్టు. ఫోనెత్తిన అమ్మాయిలు మర్యాదగానే మాట్లాడారు. "ఆరోగ్యశ్రీ తీసుకుంటారా?" అనగానే మాత్రం చిన్న నిశ్శబ్దం. ఒకమ్మాయి, "లేదు మేడమ్, మా దగ్గర ఈఎంఐ ఉంది" అంది. రోగానికి కూడా వాయిదాల పద్ధతి వచ్చిందన్నమాట! ఇంకో అమ్మాయి, "పెళ్ళికూతురి ప్యాకేజీలో పది శాతం తగ్గింపు నడుస్తోంది" అని చెప్పింది. ఆ పిల్ల తప్పేముంది? చెప్పమన్నది చెప్పింది.

చివరికి ఒక పెద్ద డాక్టరు దగ్గరికి ఇద్దరం వెళ్ళాం. మంచాయన. శ్రద్ధగా చూశాడు, చీకటి గదిలో నీలం లైటు కింద చూశాడు. "చూడమ్మా, నేను ఆ పథకంలో లేను. ఉన్నా మీకు లాభం లేదు, అది అడ్మిషన్ అయినవాళ్ళకి. ఈసారికి ఫీజు వద్దులే" అన్నాడు.

ఆవిడ కొంగుముడి విప్పి ఏడువందలూ లెక్కపెట్టి బల్లమీద పెట్టింది. బయటికొచ్చాక, "ఎందుకూ, ఆయన వద్దన్నాడుగా?" అన్నాను.

"ఒకసారి ఊరికే చూపించుకుంటే రెండోసారి ఏ మొహం పెట్టుకుని వస్తామమ్మా? ఈ జబ్బుకి నెలల తరబడి రావాలని ఆయనే చెప్పె. దయ ఒకసారే ఉంటది" అంది.

దయకీ హక్కుకీ తేడా ఏమిటని కాలేజీలో మాకు ఫిలాసఫీ మాస్టారు ఒక టర్మంతా చెప్పారు. ఆ పాఠమంతా ఈ ఒక్క మాటలో ఇమిడిపోయింది. దయ ఎదుటివాడి మనసుని బట్టి ఉంటుంది, రేపు ఉంటుందో లేదో తెలియదు. హక్కు అయితే రెండోసారి కూడా తలెత్తుకుని వెళ్ళొచ్చు. కార్డు అనేది ఎందుకు పుట్టింది? పేదవాళ్ళు రెండోసారి కూడా తలెత్తుకుని వెళ్ళడానికి.

మరయితే కార్డు తీసుకోని డాక్టరుది తప్పా? నేను చాలా ఆలోచించాను. తప్పని గట్టిగా అనలేకపోయాను. ఆయనా అద్దె కట్టాలి, నర్సులకి జీతాలివ్వాలి. పథకంలో ఉన్న ఆసుపత్రులవాళ్ళ మొర కూడా వింటూనే ఉన్నాం. చేసిన వైద్యానికి డబ్బు రాలేదని, బకాయిలు పేరుకుపోయాయని, 2025లో రెండు రాష్ట్రాల్లోనూ నెట్‌వర్క్ ఆసుపత్రులు కొన్నాళ్ళు సేవలు ఆపేశాయి. పెద్ద పెద్ద ఆసుపత్రులే ఆగలేనప్పుడు ఒంటి డాక్టరు ఎలా ఆగుతాడు? మాట ఇచ్చింది సర్కారు, చెల్లించాల్సింది సర్కారు. మధ్యలో వైద్యం చెయ్యాల్సింది మాత్రం ఇంకొకరు. ఆ ఇంకొకరికి "నేను రాను" అనే స్వేచ్ఛ ఉంది.

మీరంతా ఎక్కే బస్సు సంగతే చూడండి. తెలంగాణలో 2023 డిసెంబరు 9నించి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15నించి ఆడవాళ్ళకి చాలా రకాల ఆర్టీసీ బస్సుల్లో టికెట్టు డబ్బు లేదు. కండక్టరు విసుక్కోవచ్చు, పక్కనున్న మగాయన "అంతా వీళ్ళే" అని గొణగొచ్చు, నిలబడ్డానికి చోటుండకపోవచ్చు. కానీ ఆ బస్సుల్లో "నీ ఆధార్ కార్డు మా బస్సులో చెల్లదు, దిగు" అనడానికి ఎవరికీ అధికారం లేదు. ఎందుకని? మాట ఇచ్చినవాళ్ళదే బస్సు. అదే కార్డు ఆటోవాడికి చూపించండి, నవ్వుతాడు. అతను చెడ్డవాడు కాదు, ఆ మాట అతను ఇవ్వలేదు. మాట ఇచ్చిన చెయ్యీ, పనిచేసే చెయ్యీ ఒకటే అయినప్పుడు పేదవాళ్ళకి కాస్త నిలబడ్డానికి చోటు దొరుకుతుంది. రెండూ వేరయినప్పుడు ఆ మాట మధ్యలో ఎక్కడో జారిపోతుంది. అది ఎవరి కాలికింద పడిందో ఎవరూ చూడరు.

ఇది మన దరిద్రం అనుకోకండి. అమెరికాలో మా పిన్ని కూతురు ఒక చర్మం డాక్టరు ఆఫీసులో ఫోన్ల దగ్గర కూర్చుంటుంది. అక్కడ బీదవాళ్ళకి 1965లో చట్టం చేసి పెట్టిన మెడికెయిడ్ అనే ప్రభుత్వ బీమా ఉంది. మనలా కాదు, నడిచివెళ్ళే రోగికీ పనికొస్తుంది. కానీ దాన్ని తీసుకోవాలని డాక్టర్లకి నిర్బంధం లేదు. మిగతా బీమాలకన్నా అది ఇచ్చే డబ్బు సాధారణంగా తక్కువ. "అక్కా, వాళ్ళు జబ్బు పేరు చెప్పకముందే మేం బీమా పేరు అడుగుతాం" అని చెప్పింది. డబ్బున్న దేశంలో అదీ, మన దేశంలో ఇదీ. ఏ దేశంలోనైనా బీదరాలి మచ్చ తన వంతుకోసం వెనకాలే నిలబడుతోంది.

ఇక్కడ మీలో ఒకరు నన్ను అడ్డుకుంటారని నాకు తెలుసు. "ఉన్న డబ్బు కొంచెం. ఒకవైపు గుండె ఆగిపోతున్నవాడు, ఇంకోవైపు చేతిమీద మచ్చ. ఎవరికివ్వాలి?" అని. న్యాయమైన ప్రశ్న. నన్నడిగినా గుండెకే ఇమ్మంటాను. వంటావిణ్ణి అడిగితే ఆవిడా అదే అంటుంది, పైగా మిగతాది వాళ్ళనే ఉంచుకోమంది కూడాను. కానీ ఒక్క సంగతి చూడండి. ఈ లెక్కలో మనం కొలిచేది చావుని ఒక్కదాన్నే. చావుకి ఎంత దగ్గరైతే అంత పెద్ద రోగం. బతుకుని కొలిచే తక్కెడ ఒకటుండాలని ఈ లెక్కలు కట్టినవాళ్ళకి తోచలేదు. మనకి, ఆడవాళ్ళకి, ఆ తక్కెడ బాగా తెలుసు. ఎండాకాలంలో కూడా మోచేతులు దాటిన జాకెట్టు వేసుకునే పిల్లని చూశాం. పెళ్ళిచూపుల ముందురోజు మెడమీద మచ్చకి పౌడరు అద్దే తల్లిని చూశాం. పేరంటంలో తాంబూలం ఇస్తూ వేళ్ళు తగలకుండా జాగ్రత్తపడే మర్యాదస్తుల్ని చూశాం. వీళ్ళెవరూ చచ్చిపోలేదు, నిజమే. బతికున్నవాళ్ళ లెక్క ఎక్కడ రాయాలి?

పోనీ ప్రభుత్వానికి చర్మం ఎప్పుడూ కనపడలేదా అంటే, ఒక్కసారి బాగా కనపడింది. కుష్టు. నిజామాబాదు దగ్గర డిచ్‌పల్లిలో 1915లోనే ఇసబెల్ కెర్ అనే డాక్టరమ్మ కుష్టురోగులకోసం ఆసుపత్రి పెట్టింది. 1983లో దేశమంతటా కుష్టు నిర్మూలన కార్యక్రమం మొదలైంది. రెండు మూడు మందులు కలిపిచ్చే చికిత్స వచ్చింది. ఈనాటికీ ఆ మందులు ఏ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనైనా ఉచితం. కార్డు అడగరు. గొప్ప పని, సందేహం లేదు. కానీ ఎందుకు చేశాం? ఆ రోగికి బాధగా ఉందని చేశామా, మనకి అంటుతుందని చేశామా? కుష్టు రోగాన్ని హిందూ వివాహచట్టంలో విడాకులకి ఒక కారణంగా 2019దాకా ఉంచుకున్నాం. పూర్తిగా నయమయ్యే రోజులొచ్చిన ఎన్నేళ్ళకి తీసేశామో లెక్కపెట్టుకోండి. దాన్నిబట్టి నాకేమనిపిస్తుందంటే, మనం భయపడినచోట ఖర్చుపెట్టాం, ఎదుటివాళ్ళు బాధపడినచోట పెట్టలేదు. బొల్లి అంటుకునే రోగమైతే ఈపాటికి వీధివీధికీ ఉచిత మందుల డబ్బా వచ్చుండేది. ఎవరికీ అంటకపోవడమే పాపం దానికి శాపమైంది.

డాక్టరు దొరకని చర్మం ఊరికే కూర్చోదు. మెడికల్ షాపుకి వెళుతుంది. అక్కడ ట్యూబులుంటాయి. తామరకీ, దురదకీ, మచ్చకీ, మొహం తెల్లబడ్డానికీ అన్నింటికీ ఒకటే ట్యూబు. అందులో స్టెరాయిడ్ ఉంటుంది. రాసిన రెండోరోజుకే దురద మాయమవుతుంది. "ఏం మందో గానీ అమృతం!" అనుకుంటాం. ఆపగానే రెట్టింపై తిరిగొస్తుంది. నెలల తరబడి రాస్తే చర్మం ఉల్లిపొరలా పలచబడుతుంది, బుగ్గలమీద ఎర్రటి నరాలు తేలతాయి. ఇలాంటి పూతమందులు చాలావాటిని డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని జాబితాలో 2018లో కేంద్రం చేర్చింది. మంచిదే. మరి చీటీ రాసే డాక్టరు ఎక్కడ? డాక్టరుకి దారి చూపించకుండా మెడికల్ షాపు తలుపు వేస్తే, రోగి ఆ షాపు పక్క సందులోంచి వెళుతుంది, అంతే.

చివరికి ఆవిడ పెద్దాసుపత్రికి వెళ్ళింది. "మొదటే అక్కడికి వెళ్ళుండొచ్చుగా, అక్కడ అంతా ఉచితమేగా?" అంటారా? ఉచితమే. కార్డు కూడా అక్కర్లేదు. డాక్టర్లు కూడా దిట్టలు, మన ఊరి పెద్ద క్లినిక్కుల్లో కూర్చునేవాళ్ళలో ఎంతోమంది అలాంటిచోటే పని నేర్చుకున్నవాళ్ళు. కానీ ఓపీ పొద్దున పూట. మన ఇళ్ళలో వంట కూడా పొద్దున పూటే. చీటీకి ఒక వరస, డాక్టరుకి ఒక వరస, మందులకి ఒక వరస, అయ్యేసరికి పన్నెండు దాటుతుంది. అందుకని ఉచిత వైద్యానికి ఆవిడ కట్టే ఫీజు ఒక పూట పని.

ఇంకో ఇబ్బంది ఉంది. అది మగవాళ్ళకి అర్థం కాదు. మన దేశంలో చర్మవైద్యం పెద్దచదువు పేరులోనే మూడుంటాయి - చర్మం, సుఖవ్యాధులు, కుష్టు. చదువుకి అది సబబే కావచ్చు. ఆసుపత్రి గుమ్మంమీద బోర్డుకి కూడా అదే పేరు ఎక్కుతుంది. దానికింద వరసలో నిలబడ్డ ఆడమనిషిని దారినపోయేవాళ్ళు చూసే చూపు వేరుగా ఉంటుంది. "నాకు వచ్చింది బొల్లేనని మెడలో బోర్డు కట్టుకోలేను గదమ్మా!" అంది ఆవిడ. మొహం మీదికి చెంగు లాక్కుని నిలబడిందిట. ప్రైవేటు క్లినిక్కు అద్దాల తలుపు వెనకాల డబ్బున్నవాళ్ళకి దొరికేది ఏసీ ఒక్కటే కాదు, చాటు కూడా దొరుకుతుంది. కార్డు తీసుకునే డాక్టరు దొరికితే ఆ చాటు ఆవిడకీ దొరికేది.

అక్కడి డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పిందిట. పూతమందు ఒకటి. దానితోబాటు కాంతిచికిత్స. పెట్టెలాంటి యంత్రం ముందు కాసేపు చేతులు పెట్టి అతినీలలోహిత కిరణాలు పట్టించాలి. వారానికి రెండుసార్లు, ఆరునెలలో ఏడాదో. మణికట్టు దగ్గర రంగు రావచ్చు. "వేళ్ళ కొసల్లో మాత్రం మాట ఇవ్వలేనమ్మా, అక్కడ రంగు తిరిగిరావడం కష్టం" అని కూడా చెప్పింది. నాకు ఆ డాక్టరమ్మ మీద గౌరవం కలిగింది. నిలబెట్టుకోలేని మాట ఇవ్వలేదు గనక.

ఆ సంగతి విన్న దగ్గర్నించీ నా ఆలోచన ఇంకోవైపు తిరిగింది. రేపు ప్రభుత్వం మనసు మారి, నడిచివెళ్ళే రోగికి కూడా కార్డులో చోటిచ్చిందనుకోండి. అది ఇవ్వాలి. డాక్టరుకి సరైన డబ్బు సకాలంలో ఇచ్చి, కార్డు వద్దనే అవసరం లేకుండా చెయ్యాలి. ఆ మాట నేను ఎక్కడైనా అంటాను. కానీ అన్నీ జరిగాక కూడా ఆ వేళ్ళ కొసలు తెల్లగానే ఉండొచ్చు. అప్పుడు? కార్డుని ఒప్పుకునే డాక్టరు దొరికినా, ఆ చేతుల్ని ఒప్పుకునే వంటిల్లు దొరకాలి కదా. మొదటిది సర్కారు చెయ్యాలి. రెండోది చెయ్యడానికి ఏ జీవోలూ రావు.

కార్డు దృష్టిలో ఆవిడకి రోగమే లేదు, మంచం ఎక్కలేదు గనక. మానిపించిన ఇళ్ళ దృష్టిలో ఆవిడకి రోగం తప్ప మరేమీ లేదు. ముప్పైయేళ్ళ వంట, నమ్మకం, తాళంచెవులు అప్పగించి ఊళ్ళకి వెళ్ళిన రోజులు - ఏవీ లేవు. ఈ రెండు చూపుల మధ్యా నలిగిపోతున్న మనిషికి ఏ పేరు పెట్టాలో నాకు తెలియలేదు. "రోగి" అనే మాట కూడా ఆవిడకి పూర్తిగా దక్కలేదు.

ఇప్పుడు మంగళవారం, శుక్రవారం ఆవిడ పొద్దున్నే బస్సెక్కి పెద్దాసుపత్రికి వెళుతోంది. ఆ రెండు రోజులూ మిగిలిన రెండిళ్ళలో వంట ముందురోజు సాయంత్రమే అయిపోతుంది. పెద్ద త్యాగమేమీ కాదు. పులుసు మర్నాటికి ఇంకా బాగుంటుందని మీకు తెలుసు, నేను చెప్పక్కర్లేదు. ఎడమ మణికట్టు మీద, మచ్చ మధ్యలో, ఆవగింజలంత గోధుమరంగు చుక్కలు నాలుగు కనిపిస్తున్నాయి. వాటిని రోజూ దీపం దగ్గర పెట్టుకుని లెక్కపెట్టుకుంటోంది.

మానిపించిన రెండిళ్ళలో ఒకరికి మాత్రం అత్తగారు ఊరెళ్ళిపోయారు. ఇప్పుడు ఆ రెండిళ్ళకీ కూరలు కర్రీ పాయింటునించే వస్తున్నాయి. అక్కడ వండే చేతులు ఎలా ఉంటాయో ఎవరూ అడగలేదు.